రాజీనామా చేయమని గదిలో కూర్చోబెట్టే ముందు: మీ నిద్ర, మీ సంతకం, మన చట్టం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఆరేళ్ల సర్వీసు, నిరుటి దాకా మంచి రేటింగులు. ఎనిమిది నెలల కిందట మేనేజర్ మారాడు. అప్పట్నుంచి టీమ్ కాల్‌లో పదిమంది ముందు వెటకారం, రాత్రి పదకొండింటికి మెసేజ్‌లు, ఆ పైన పీఐపీ, అంటే పనితీరు మెరుగుపరుచుకోమని గడువు పెట్టి లక్ష్యాలిచ్చే కాగితం. వచ్చే గురువారం హెచ్‌ఆర్‌తో మీటింగ్. మీరే రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుందని ముందే చెవిన వేశారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండెదడ. ఇంటి లోన్ ఉంది, ఇంట్లో మాత్రం ఏమీ చెప్పలేదు. చట్టం నన్ను కాపాడుతుందా, సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళితే అది రికార్డుకెక్కి ఇంకో ఉద్యోగం రాకుండా పోతుందా అని అడిగారు.

చట్టం మీ ఉద్యోగాన్ని కొంతవరకు కాపాడుతుంది, మీ మనసును చాలా తక్కువగా కాపాడుతుంది. ఆ కాస్త రక్షణ కూడా నిద్రలేని కళ్లతో పెట్టే ఒక్క సంతకంతో పోతుంది. అందుకే గురువారం లోపు ముందుగా డాక్టరుకు చూపించుకోండి. లాయరు సంగతి తర్వాత.

నేనెవరో చెప్పకుండా ఈ సలహా ఇవ్వకూడదు. పదిహేడేళ్లు హెచ్‌ఆర్‌లో ఉన్నాను. మీరు గురువారం వెళ్లబోయే గదిలో బల్లకు అవతలి వైపు కూర్చున్నవాణ్ని. కొన్నేళ్లుగా ఇవతలి వైపు వాళ్ల కాగితాలు చూసి, లేబర్ ఆఫీసుకు ఏం రాయాలో సాయం చేస్తున్నాను. లాయరును కాను. ఆ గది మాత్రం బాగా తెలుసు.

గ్లాసు తలుపుకు లోపలి నుంచి తెల్ల కాగితం అంటించి ఉంటుంది. బల్ల మీద నీళ్ల సీసా, టిష్యూ డబ్బా, ప్రింట్ తీసిన రాజీనామా లేఖ. మీ పేరు, ఎంప్లాయీ నంబరు అన్నీ నింపి ఉంటాయి, తేదీ ఒక్కటే ఖాళీ. మొదటి అయిదు నిమిషాలు పిల్లలెలా ఉన్నారు, అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతారు. తర్వాత రెండు దారులు చెబుతారు. సంతకం పెడితే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, రెండు నెలల జీతం. పెట్టకపోతే టర్మినేషన్, రేపు ఎక్కడ చేరబోయినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే చెబుతామని ఒక మాట. ఈ ఆఫర్ సాయంత్రం అయిదింటి వరకేనంటారు. ఆ అయిదింటి గడువు మేం కావాలనే పెట్టేవాళ్లం. ఇంటికి వెళ్లి, అన్నం తిని, ఒక రాత్రి పడుకుని లేచిన మనిషి అంత తేలిగ్గా సంతకం పెట్టడని మాకు తెలుసు.

నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఆ రెండు నెలల జీతానికి ఆశపడి సంతకం చేయలేదు. ఆ గదిలోంచి బయటపడితే చాలనుకుని చేశారు. నెలల తరబడి నిద్రలేని మనిషికి రేపటి లెక్క కనబడదు, ఈ పది నిమిషాలు గడిస్తే చాలనిపిస్తుంది. మేనేజర్ ఎనిమిది నెలలు చేసినది ఆ పది నిమిషాల్లో కంపెనీకి అక్కరకొస్తుంది. ఎవరో కూర్చుని పన్నిన కుట్ర అనను. చాలాసార్లు మాకే అలా తోచేది కాదు. జరిగేది మాత్రం అదే.

ఇక చట్టం. మేనేజర్ అరిచాడని, అవమానించాడని, మనిషిని కుంగదీశాడని నేరుగా ఫిర్యాదు చేసుకునే చట్టం మన దేశంలో లేదు. స్వీడన్ 1993లోనే దీని మీద నిబంధనలు తెచ్చింది. ఫ్రాన్స్‌లో 2002 నుంచి ఇది నేరం. అక్కడి ఫ్రాన్స్ టెలికాంలో వేల ఉద్యోగాలు తగ్గించడానికి మనుషులు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయేలా వాతావరణం సృష్టించారని తేలి, ఉద్యోగుల ఆత్మహత్యల తర్వాత నడిచిన కేసులో 2019 డిసెంబరులో మాజీ సీఈఓతో సహా పెద్ద అధికారులకు శిక్ష పడింది. జపాన్‌లో 2020 నుంచి పై అధికారి వేధింపులను ఆపే బాధ్యత కంపెనీదే. పనిచోట హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ ఒప్పందం తెచ్చింది, భారత్ దాన్ని ఆమోదించలేదు. మన ఫ్యాక్టరీల చట్టం చివర వృత్తి జబ్బుల పట్టిక ఒకటుండేది. సీసం విషం, సిలికోసిస్ లాంటివన్నీ అందులో ఉన్నాయి, మనసుకు సంబంధించినది ఒక్కటీ లేదు.

2024లో పుణెలో ఒక పెద్ద అకౌంటింగ్ సంస్థలో చేరిన నాలుగు నెలలకే 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ చనిపోయింది. పని భారమే కారణమంటూ ఆమె తల్లి రాసిన ఉత్తరం దేశమంతా చదివింది. జాతీయ మానవ హక్కుల సంఘం తనంతట తాను కేసు తీసుకుంది, కేంద్ర కార్మిక శాఖ విచారణ అంది. అయినా అలాంటి తల్లి నేరుగా వెళ్లి ఫిర్యాదు చేసుకోవడానికి ఒక సెక్షన్ ఈనాటికీ లేదు. సింహద్వారం మూసి ఉంది కాబట్టి మనం పెరటి గుమ్మాలు వెతుక్కోవాలి.

మీకు పనికొచ్చే గుమ్మం ఉద్యోగం తీసేయడం గురించిన చట్టం. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ ఉంది. అందులో ‘వర్కర్’ నిర్వచనంలోకి వస్తే, తీసేసినప్పుడు ఒంటరిగా కూడా పోరాడవచ్చు. లక్ష రూపాయల జీతం తీసుకునేవాణ్ని వర్కర్ అంటారా అని మీకు అనుమానం రావచ్చు. సాంకేతిక పని చేసేవాళ్లకు జీతం పరిమితి లేదు. నెలకు 18,000 పరిమితి సూపర్‌వైజరీ పనివాళ్లకే. మేనేజర్ తరహా అధికారాలతో పనిచేసేవాళ్లు మాత్రం బయటే. ఇక్కడే కంపెనీ లాయర్లు మీ విజిటింగ్ కార్డు చూపిస్తారు. కార్డు మీద ఏముందన్నది కాదు, రోజంతా ప్రధానంగా ఏం పని చేస్తున్నారన్నదే చూడాలని సుప్రీంకోర్టు ఎప్పట్నుంచో చెబుతోంది. మీరు సీనియర్ ఇంజనీర్ అన్నారు. ఎవరి సెలవైనా మంజూరు చేస్తారా? ఎవరి రేటింగైనా ఖాయం చేస్తారా? చేయకపోతే, రోజూ కోడ్ రాసి రివ్యూ చేసేవాళ్లయితే, మీ వాదనకు బలముంది. మీరు చేసిన పని కనబడే టికెట్లు (మీకు అప్పగించిన పనుల నమోదులు), పనిబాధ్యతల కాగితం ఈ పాయింటు కోసమే దాచుకోండి.

దీనికి పక్కనే మన రాష్ట్ర చట్టం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చిన షాపులు, సంస్థల చట్టం ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ వాటి వాటి పేర్లతో నడుస్తోంది. దాని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు దాటి పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా, నెల ముందు నోటీసో ఆ నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, నకలు మూడు రోజుల్లో ఇన్‌స్పెక్టరుకు పంపాలి. దుష్ప్రవర్తన అంటే విచారణ జరగాలి. మా ఐటీకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది కదా అని హెచ్‌ఆర్ వాళ్లు గంభీరంగా అంటారు, నేనూ అన్నాను. ఆ మినహాయింపులు పనివేళలు, రాత్రి షిఫ్టులు, సెలవురోజుల లాంటి వాటితో పాటు ఈ 47వ సెక్షన్‌కు కూడా ఉండవచ్చు. అందుకే ఈ దారి మీద ఆధారపడే ముందు, ఇప్పుడు అమల్లో ఉన్న ఉత్తర్వులో ఏముందో లేబర్ ఆఫీసులో అడగండి.

ఇప్పుడు రాజీనామా ఎందుకు అడుగుతారో చూడండి. మనుషుల అవసరం లేక తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. ఏడాది దాటి పనిచేసిన వర్కర్‌కు నెల నోటీసు, సర్వీసు చేసిన ఏడాదికి 15 రోజుల చొప్పున సగటు జీతం ఇవ్వాలి. కొత్త కోడ్‌లో రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికి ఇచ్చే నిధి) కింద ఇంకో 15 రోజుల జీతం కూడా ఉంది. పనితీరు బాగాలేదని తీసేస్తే ఆ కారణాన్ని కంపెనీ నిరూపించుకోవాలి. రాజీనామా తీసుకుంటే ఇవేవీ ఉండవు. మీరు వెళ్లిపోయారు, వాళ్లు సెండాఫ్ మెయిల్ పెట్టారు, అంతే. రేపు బలవంతంగా రాయించుకున్నారని మీరు కేసు వేస్తే నిరూపించాల్సిన భారం మీ నెత్తిన పడుతుంది. బలవంతపు రాజీనామా టర్మినేషన్‌తో సమానమని కోర్టులు ఒప్పుకుంటాయి, కానీ ఆ బలవంతానికి కాగితం అడుగుతాయి.

రెండు నెలల జీతం అనే మాట కూడా విప్పి చూడండి. ఆరేళ్లు నిండాయి కాబట్టి గ్రాట్యుటీ ఎలాగూ మీ హక్కు, రాజీనామా చేసినా, తీసేసినా. బేసిక్ 60,000 అనుకుందాం. దాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఆరేళ్లకు లెక్కేస్తే సుమారు 2,07,700 రూపాయలు. వాళ్లు దయతో ఇస్తున్నామనే మొత్తంలో ఇది, వాడుకోని సెలవుల డబ్బు, నోటీసు జీతం కలిపేసి చూపించడం నేనెరుగుదును. ప్రతి పద్దూ విడివిడిగా రాసివ్వమనండి. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం ముగిసిన రెండు పనిదినాల్లో రావలసిన జీతం చెల్లించాలి. నలభై అయిదు రోజుల ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్క తేల్చడం) అనేది కంపెనీల అలవాటు మాత్రమే.

తీసేస్తే ఎక్కడికెళ్లాలి? కాన్సిలియేషన్ ఆఫీసరు దగ్గరికి, అంటే లేబర్ డిపార్ట్‌మెంటులో రాజీ కుదిర్చే అధికారి దగ్గరికి. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే మీ ప్రాంతం ఎవరి కిందికి వస్తుందో చెబుతారు. అక్కడ తేలకపోతే మీరే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పాత చట్టంలో మూడేళ్లున్న గడువు ఇప్పుడు రెండేళ్లు. షాపుల చట్టం కింద అప్పీలు గడువు ఇంకా తక్కువ కాబట్టి ఆ దారిలో వెళ్లాలనుకుంటే నెల తిరగకముందే కదలండి. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, దాచను. నేను చూసినవి ఎక్కువగా కాన్సిలియేషన్ బల్ల దగ్గరే ముగిశాయి. మళ్లీ ఉద్యోగంలోకి వెళ్లినవాళ్లు తక్కువ. ఇంకొన్ని నెలల జీతం, మచ్చలేని లెటర్ తీసుకుని బయటపడ్డవాళ్లే ఎక్కువ. మీకు లోన్ ఉంది కాబట్టి అది చిన్న విషయం కాదు. లాయరు ఫీజు భారమనిపిస్తే న్యాయ సేవల సంస్థ నంబరు 15100కు ఫోన్ చేసి ఉచిత సాయం అడగవచ్చు. మహిళలకైతే ఆదాయంతో పనే లేదు.

మిగతా గుమ్మాలు మీ విషయంలో తెరుచుకోవు గానీ చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తాయి. మహిళలకు 2013 నాటి పోష్ చట్టం ఉంది. లైంగికంగా వేధించడంతో పాటు, అలాంటి ప్రవర్తనతో పని వాతావరణాన్ని బెదిరింపుగా మార్చడం కూడా అందులోకే వస్తుంది. పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల్లో ఫిర్యాదు, 90 రోజుల్లో విచారణ. విచారణ జరిగేటప్పుడు బదిలీ గానీ మూడు నెలల వరకు సెలవు గానీ అడగవచ్చన్నది చాలామందికి తెలియదు. కులం పేరుతో నలుగురి ముందు తిడితే ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం. చంపుతాననో పరువు తీస్తాననో బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351. రేటింగ్ తగ్గించాడని, గట్టిగా మాట్లాడాడని పోలీస్ స్టేషన్‌కు వెళితే మాత్రం ఎస్సై గారు టీ ఇచ్చి పంపించేస్తారు.

ఇక మీ రెండో ప్రశ్న. నిజానికి అదే మొదటిది. సైకియాట్రిస్ట్‌కు చూపించుకుంటే ఎవరికీ తెలియదా? మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, 23వ సెక్షన్ ప్రకారం మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. మీ కంపెనీ ఫోన్ చేసి అడిగితే చెప్పడానికి వీల్లేదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు చూసేది పాత ఉద్యోగాలు, చదువు, చిరునామా, పోలీసు కేసులు. ఎర్రగడ్డ ఆసుపత్రి ఓపీ రిజిస్టరు వాళ్ల చేతికి రాదు. పదిహేడేళ్లలో ఒక్క అభ్యర్థిని కూడా మానసిక వైద్యం తీసుకున్నాడని వెరిఫికేషన్‌లో ఆపిన ఫైలు నా ముందుకు రాలేదు. మధ్యలో ఆరు నెలలు ఎందుకు ఖాళీ అనే ప్రశ్న మాత్రం ప్రతిసారీ వచ్చేది. వైద్యం మానేసి కుప్పకూలినవాళ్ల రెజ్యూమేలోనే ఆ ఖాళీ ఎక్కువ కనిపించేది.

కంపెనీ ఇచ్చే ఉచిత కౌన్సెలింగ్ లైను సంగతి. మా కాలంలో మాకు పేర్లు వచ్చేవి కావు, ఎంతమంది ఫోన్ చేశారన్న అంకె మాత్రమే వచ్చేది. అయినా ఈ పరిస్థితిలో మీరు బయటి డాక్టరు దగ్గరికే వెళ్లండి, మీకే మనసు కుదుటగా ఉంటుంది. గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుందని గుర్తుంచుకోండి. మానసిక జబ్బులకు కూడా మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చు చాలా గ్రూప్ పాలసీల్లో రాదు, పాలసీ కాగితం చూసుకోండి.

జబ్బు ముదిరి, వైకల్యం స్థాయికి చేరినవాళ్లకు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. దీర్ఘకాలిక మానసిక అనారోగ్యం ఆ జాబితాలో ఉంది. ఒక సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి మీద, అతని మానసిక అనారోగ్యంతో ముడిపడ్డ ప్రవర్తనకు శాఖాపరమైన చర్యలు మొదలుపెడితే, అది వివక్ష అవుతుందని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు అంత అవసరం రాకూడదనే కోరుకుంటాను.

మీ ఒంట్లో ఏం జరుగుతోందో డాక్టరు చెప్పాలి, నేను కాదు. అయినా ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను కాబట్టి కొంత చెబుతాను. బర్నవుట్ అనే మాట అందరూ వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణలో దాన్ని జబ్బుగా పెట్టలేదు, పనికి సంబంధించిన స్థితిగా పెట్టింది. అలసట, పని మీద విరక్తి, నా చేత కాదనే భావన, ఈ మూడూ దాని గుర్తులు. మీరు రాసినవి దాన్ని దాటాయేమోనని నా అనుమానం. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం, ఇష్టమైన క్రికెట్ మ్యాచ్ పెట్టినా బుర్రకెక్కకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది.

పని ఎక్కువైనంత మాత్రాన మనిషి ఇలా అయిపోడు. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో ఒక సంగతి చూపించాడు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలన్న పట్టు మన చేతిలో లేనప్పుడే దెబ్బ గట్టిగా తగులుతుంది. రిలీజ్ వారంలో పదహారు గంటలు పనిచేసి కూడా నవ్వుతూ ఇరానీ చాయ్ తాగే టీములను చూశాను. ఎనిమిది గంటల పనిలోనే లోపల ఎండిపోయినవాళ్లనూ చూశాను. మీ పీఐపీలో లక్ష్యాలు వారం వారం మారుతున్నాయని రాశారు చూడండి, మిమ్మల్ని తినేస్తున్నది అదే. ఏం చేస్తే బయటపడతారో తెలియని పరీక్ష అది. మీ చేతకానితనం అనుకోకండి.

ఒక హెచ్చరిక. మందుల షాపులో తెలిసినవాళ్లను అడిగి ఆల్ప్రాజోలం తెచ్చుకుని వేసుకోకండి. నాలుగు రోజులు నిద్రపడుతుంది, తర్వాత అది లేకుండా పట్టదు. దాన్ని డాక్టరు రాసిస్తేనే అమ్మాలి. రాత్రి రెండు పెగ్గులు వేస్తే నిద్ర వస్తుందనుకోవడమూ అంతే, ఆ మూడింటి మెలకువ ఇంకా గట్టిపడుతుంది.

పొద్దున లేవకపోతే బాగుండు అనే ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వచ్చి ఉంటే గురువారం దాకా ఆగకండి. ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పి, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు నుంచి ఉంది. ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ మాట బయటికి చెబితే పోలీసు కేసు అవుతుందని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదు.

ఇంట్లో చెప్పడం గురించి నేను చూసిన ఒకరి సంగతి చెప్పాలి. కూకట్‌పల్లిలో ఉండేవాడు, అకౌంట్స్‌లో పని. మీలాగే ఇంట్లో ఏమీ చెప్పలేదు, తెలియదనుకున్నాడు. వాళ్ల వంటింట్లో తిథులు, రాహుకాలాలు ఉండే గోడ క్యాలెండరు. భార్య పాల లెక్క, గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ అందులోనే రాసేది. ఆయన రాత్రిపూట లేచి హాల్లో కూర్చున్న ప్రతి రోజూ ఆమె ఆ తేదీ గడిలో, పాల లెక్క పక్కన, పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టింది. ఎవరికీ చెప్పలేదు, ఎందుకు పెడుతోందో ఆమెకే సరిగ్గా తెలియదేమో. డాక్టరు ఎన్నాళ్ల నుంచి నిద్ర లేదని అడిగినప్పుడు ఆయన ఓ రెండు వారాలన్నాడు. ఆమె సంచిలోంచి నాలుగు నెలల కాగితాలు చించుకొచ్చి బల్ల మీద పెట్టింది. అరవై మూడు చుక్కలు. ఆయనకు అరుపుల మీటింగులు జరిగిన తేదీలు ఈమెయిల్లో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి నేను ఒక కాగితం తయారుచేశాను. లేబర్ ఆఫీసులో కంపెనీ తరఫు మనిషి దాన్ని తిరగేసి, కాసేపు బయటికి వెళ్లి ఫోన్ మాట్లాడి వచ్చి, ఎంత అడుగుతున్నారన్నాడు.

కాబట్టి మీరు ఈ రాత్రి నుంచే రాయండి. తేదీ, సమయం, ఎవరు, ఎవరి ముందు, సరిగ్గా ఏ మాట. నోటు పుస్తకం చాలు. వేధించాడు అని రాయకండి, ‘ఇంటర్న్ కూడా నీకంటే నయం’ అన్నాడని రాయండి, కాల్‌లో ఇంకెవరున్నారో రాయండి. నోటి మాటగా ఏది జరిగినా ఆ సాయంత్రం మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి: ఇవాళ మనం ఇలా మాట్లాడుకున్నాం, నేను ఇలా అర్థం చేసుకున్నాను, తప్పైతే చెప్పండి అని. వాళ్లు జవాబివ్వకపోయినా ఆ మెయిల్ సాక్ష్యమే. మీ ఆఫర్ లెటర్, రేటింగులు, పేస్లిప్పులు, పీఐపీ కాగితాలు మీ దగ్గర ఉంచుకోండి. క్లయింట్ సమాచారం గానీ కోడ్ గానీ సొంత మెయిల్‌కు పంపుకోకండి. చేతిలో కేసు లేని హెచ్‌ఆర్‌కు మీరే ఒక కేసు అందించినట్టవుతుంది. ఇలా గెలిచే కేసులు పాడు చేసుకున్నవాళ్లు ఇద్దరు నాకు తెలుసు.

గురువారం సంగతి. ఒక రాత్రి మందుతోనో మాటతోనో కాస్త నిద్రపోయి వెళ్లండి. ఏం పెట్టినా చదవండి, నకలు అడగండి. ‘ఇప్పుడు సంతకం చేయను, చదువుకుని రాతపూర్వకంగా జవాబిస్తాను’ అన్న ఒక్క వాక్యం కంఠతా పట్టండి. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పండి, వివరణ ఇవ్వకండి. వివరణ మొదలుపెడితే ఆ గదిలో వాళ్లదే పైచేయి. పీఐపీ లాంటి కాగితం మీద సంతకం తప్పదంటే, పైన ‘అందింది, ఒప్పుకోవడం లేదు’ అని రాసి తేదీ వేయండి. లాప్‌టాప్, ఐడీ కార్డు అడిగితే ఇచ్చేయండి, ఇచ్చినట్టు రాయించుకోండి. గొడవ వద్దు. బయటికి రాగానే, మెట్లు దిగకముందే, ఫోన్‌లో ఆ అరగంట అంతా రాసుకోండి.

ఒకవేళ ఒత్తిడికి సంతకం పెట్టేశారనుకోండి. ఇంటికి వెళ్లి ఏడవకుండా ఆ రోజే మెయిల్ పెట్టండి: ఫలానా సమయంలో ఫలానా మాటలు చెప్పి సంతకం తీసుకున్నారు, నా రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను అని. సర్వీసు నిబంధనలు వేరుగా లేకపోతే, అమల్లోకి రాకముందు రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు. ఆరు గంటల్లో పంపిన మెయిలుకూ ఆరు వారాల తర్వాత పంపిన మెయిలుకూ చాలా తేడా ఉంటుంది.

అసలు ఆ ఉద్యోగంలో ఉండాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. నన్నడిగితే ఈ మేనేజర్ కింద ఇంకో ఏడాది ఉండమని చెప్పను. వెళ్లండి, కానీ ఇంకో ఆఫర్ చేతిలో పెట్టుకునో, సరైన డబ్బు తీసుకునో, మీరు ఎంచుకున్న తేదీన వెళ్లండి. నాకూ ఆదివారం సాయంత్రాలు ఉండేవి. సోమవారం ఎవరెవరిని పిలవాలో ఆ జాబితా ఆదివారమే మెయిల్లో వచ్చేది. బీపీ మాత్ర మొదలైన ఏడాదికి నేనూ కాగితం ఇచ్చి వచ్చేశాను. అది మాత్రం నా చేత ఎవరూ రాయించలేదు.

పీఐపీ లేఖలో మీ పేరు, కంపెనీ పేరు, అంకెలు చెరిపేసి ఇక్కడ పెట్టగలిగితే, గురువారం లోపు ప్రతి లక్ష్యానికీ ఏం జవాబు రాయాలో చెబుతాను. బుధవారం రాత్రి దాకా ఆగకండి. డాక్టరు అపాయింట్‌మెంట్ రేపు పొద్దున్నే తీసుకోండి, వీలైతే మీ ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లండి.